ఇరవయ్యొకటికి ఇరవయ్యొకటి

1956 డిసెంబరు 5, బుధవారం రాత్రి అమెరికాలో ఎన్‌బీసీ టెలివిజన్ ‘ట్వంటీ వన్’ అనే క్విజ్ కార్యక్రమాన్ని న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. వేదిక మీద రెండు గాజు బూత్‌లు. ఒకదానిలో న్యూయార్క్ సిటీ కాలేజీలో చదువుకుంటున్న మాజీ సైనికుడు హెర్బర్ట్ స్టెంపెల్, వయసు 29. రెండోదానిలో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే చార్లెస్ వాన్ డోరెన్, వయసు 30. నవంబరు 28న మొదలైన వీళ్ల పోటీ ఆ వారం తేలలేదు. ఆట సమంగా ముగియడం, పందెం పెరగడం, మళ్లీ ఆడితే అదీ సమం కావడం, ఇదే వరస. అమెరికా క్విజ్ కార్యక్రమాల చరిత్రలో ఇంతగా చర్చకు వచ్చిన పోటీ మరొకటి లేదు. నువ్వా నేనా అన్నట్టు సాగిన ఈ పోరులో ప్రశ్నలు ఇద్దరికీ ముందే తెలుసునని, ఎవరు ఎక్కడ తడబడాలో, చివరికి ఎవరు ఓడాలో ముందే నిర్ణయమైపోయిందని దేశానికి పూర్తిగా రుజువు కావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది.

క్విజ్ అమెరికన్లకు టెలివిజన్‌తో వచ్చిన అలవాటు కాదు. 1930ల చివరి నాటికే రేడియోలో ఇలాంటి కార్యక్రమాలు స్థిరపడ్డాయి. 1940లో మొదలైన ‘టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్’ అనే రేడియో క్విజ్‌లో ప్రతి సరైన జవాబుకూ బహుమతి రెట్టింపవుతూ పోయి 64 డాలర్ల దగ్గర ఆగేది. కిందటి మెట్టు దగ్గరే ఆగి చేతికొచ్చిన డబ్బు తీసుకుని వెళ్లిపోవచ్చు, ధైర్యముంటే పై మెట్టుకు పోవచ్చు. శ్రోతను కట్టిపడేసింది ఆ ఊగిసలాటే. బహుమతి చిన్నదిగా ఉండటానికి ఒక కారణం చట్టం. డబ్బు పంచే కార్యక్రమాలను లాటరీల కింద జమకట్టి నిషేధించాలని ప్రసారాల నియంత్రణ సంస్థ పట్టుబట్టింది. 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఆ తీర్పుతో పెద్ద మొత్తాలకు అడ్డు తొలగిపోయింది.

ఏడాది దాటాక, 1955 జూన్ 7న సీబీఎస్ టెలివిజన్‌లో ‘64,000 డాలర్ల ప్రశ్న’ మొదలైంది. లూయిస్ కోవన్ అనే నిర్మాత ఆ పాత రేడియో క్విజ్‌లోని 64 డాలర్లను వెయ్యి రెట్లు చేశాడు. స్పాన్సర్ సౌందర్య సాధనాల కంపెనీ రెవ్లాన్. పై మెట్లకు చేరిన పోటీదారుకు వారానికి ఒక్క ప్రశ్నే. జవాబు చెప్పాక వచ్చే ప్రశ్నకు సిద్ధమా, ఇక్కడితో ఆగుతారా అన్నది తేల్చుకోవడానికి వారం గడువు. ఆ వారమంతా ఇళ్లలో, ఆఫీసుల్లో అదే కబురు. మొదటిసారి 64,000 డాలర్లు గెలిచినవాడు వంటల మీద ప్రశ్నలకు జవాబులు చెప్పిన రిచర్డ్ మెకచన్ అనే మెరైన్ సైనికాధికారి. ఆ తర్వాత బాక్సింగ్ మీద నిలబడి గెలిచిన మనస్తత్వ శాస్త్రవేత్త జాయిస్ బ్రదర్స్ కథ ఇక్కడ చెప్పుకోవలసిందే. ఆమె గెలవడం స్పాన్సర్‌కు ఇష్టం లేదు. ఎలాగైనా పడగొట్టాలని బాక్సర్లను వదిలేసి రిఫరీల మీద ప్రశ్నలు వేశారు. ఆమె అవీ చదువుకునే వచ్చింది, గెలిచింది. నిజాయితీగా గెలిచిన ఆ మనిషిని తలుచుకుంటే మిగతా కథంతా మరింత బాధ కలిగిస్తుంది.

రెవ్లాన్ లిప్‌స్టిక్‌లు దుకాణాల్లో నిలవలేదు. ఆ కాలంలో కార్యక్రమం మీద అధికారం టెలివిజన్ సంస్థ కంటే స్పాన్సర్‌ది. సమయం కొనుక్కున్నవాడు అతడే, నచ్చని కార్యక్రమాన్ని ఎత్తేయించగలిగినవాడూ అతడే. రెవ్లాన్ అమ్మకాలు చూసి ప్రతి కంపెనీకీ ఒక క్విజ్ కావలసి వచ్చింది. ఇనుము కలిసిన జెరిటాల్ అనే టానిక్‌ను అమ్మే కంపెనీ కూడా అలాగే ముందుకొచ్చింది. దాని కోసం జాక్ బ్యారీ, డాన్ ఎన్‌రైట్ అనే భాగస్వాములు తయారు చేసిందే ‘ట్వంటీ వన్’. వ్యాఖ్యాత బ్యారీ, తెర వెనక వ్యవహారం ఎన్‌రైట్‌ది. 1956 సెప్టెంబరు 12న అది మొదలైంది.

ఆట నిబంధనలు తెలిస్తే గానీ ఆ ఉత్కంఠ ఎలా పుట్టిందో అర్థం కాదు. ఇద్దరు పోటీదారులు శబ్దం చొరబడని బూత్‌లలో నిలబడతారు. ఒకరి జవాబు ఇంకొకరికి వినపడదు, ఒకరి పాయింట్లు ఇంకొకరికి తెలియవు. ప్రతి విడతకూ ఒక విషయం ప్రకటిస్తారు. ఒకటి నుంచి 11 దాకా ఎన్ని పాయింట్ల ప్రశ్న కావాలో పోటీదారే ఎంచుకోవాలి. పాయింట్లు పెరిగే కొద్దీ ప్రశ్న కఠినం. సరైన జవాబుకు అన్ని పాయింట్లు కలుస్తాయి, తప్పితే అన్నే తెగుతాయి. ముందుగా 21కి చేరాలి. రెండు విడతలయ్యాక ఎవరైనా ఆట ఆపమని అడగవచ్చు, అప్పుడు ఎవరి పాయింట్లు ఎక్కువైతే వాళ్లదే గెలుపు. గెలిచినవాడికి పాయింట్ల తేడాను బట్టి పాయింటుకు 500 డాలర్ల చొప్పున వస్తుంది. సమమైతే కొత్త ఆట, పాయింటుకు మరో 500 అదనం. ఓడిన చాంపియన్ చేతిలోంచి గెలిచినవాడి మొత్తం మినహాయిస్తారు. అంటే సమమైన ప్రతిసారీ పాత చాంపియన్ కూడబెట్టుకున్న సొమ్ముకు ముప్పు పెరుగుతుంది. మరోపక్క ఇద్దరి పాయింట్లూ తెలిసినది ప్రేక్షకుడికే. ఒకడు 18 దగ్గర, ఇంకొకడు 10 దగ్గర ఉన్నారని ఇంట్లో కూర్చున్నవాడికి తెలుసు, బూత్‌లో ఉన్నవాళ్లకు తెలియదు. ఇంత చక్కగా అల్లిన ఆట టెలివిజన్‌లో అరుదు. దాన్ని నిజాయితీగా నడిపి ఉంటే ఇవాళ మరోలా గుర్తుండేది.

మొదటి కార్యక్రమం నిజంగానే నిజాయితీగా నడిచింది. ఫలితం దారుణం. పోటీదారులు ప్రశ్న తర్వాత ప్రశ్నకు తప్పు జవాబులిచ్చారు, పాయింట్లు కదల్లేదు, చూసేవాళ్లకు విసుగు పుట్టింది. మర్నాడు స్పాన్సర్ ఆగ్రహం నిర్మాతల మీద విరుచుకుపడింది. ఇలాంటిది మళ్లీ జరగకూడదన్నది హెచ్చరిక. ఎన్‌రైట్ అప్పటి నుంచి ఆటను అదృష్టానికి వదిలిపెట్టలేదు. ఎవరు గెలవాలో, ఎంతకు గెలవాలో, ఏ వారం సమం కావాలో నిర్మాతల గదిలోనే నిర్ణయమయ్యేది.

స్టెంపెల్ ఈ కార్యక్రమానికి తనంతట తానే దరఖాస్తు పెట్టుకున్నాడు. ప్రవేశ పరీక్షలో 363 ప్రశ్నలుంటే 251కి సరిగా జవాబులు రాశాడు. అప్పటిదాకా ఎవరికీ అన్ని రాలేదు. నిజంగా జ్ఞాపకశక్తి ఉన్న మనిషి, మోసం లేకుండా కూడా బాగా ఆడగలిగినవాడు. కానీ ఎన్‌రైట్ అతని ఇంటికి వెళ్లి జవాబులతో పాటు ఒక వేషం కూడా ఇచ్చాడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకోవాలి. ఒంటికి సరిగా నప్పని పాత సూటు, అరిగిన కాలరున్న చొక్కా వేసుకోవాలి. వ్యాఖ్యాతను ఎప్పుడూ ‘మిస్టర్ బ్యారీ’ అనే పిలవాలి. బూత్‌లో ఉక్కపోత పుట్టేలా గాలి ఆపేసేవారు. నుదుటి మీద చెమట పడితే తుడవకూడదు, రుమాలుతో మెల్లగా అద్దాలి. జవాబుకు ముందు ఎన్ని సెకన్లు ఆగాలో కూడా రిహార్సల్‌లోనే నేర్పారు. పేదరికంతో పోరాడుతున్న మొండి విద్యార్థి అన్న బొమ్మ అలా తయారైంది. అక్టోబరు 17న తెర మీదికి వచ్చిన స్టెంపెల్ ఖాతాలో కొన్ని వారాల్లోనే 69,500 డాలర్లు చేరాయి.

కొంతకాలానికి రేటింగ్‌లు పెరగడం ఆగింది. కొత్త ముఖం కావలసి వచ్చింది. నిర్మాతల బృందంలోని ఆల్బర్ట్ ఫ్రీడ్‌మన్‌కు వాన్ డోరెన్ దొరికాడు. తండ్రి మార్క్ వాన్ డోరెన్ కవిత్వానికి పులిట్జర్ బహుమతి పొందిన కవి, కొలంబియాలో పేరున్న ఆచార్యుడు. పెదనాన్న కార్ల్ వాన్ డోరెన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవిత చరిత్రకు అదే బహుమతి పొందినవాడు. తల్లి డొరతీ రచయిత్రి. చార్లెస్ అందగాడు, మాట తీరు మృదువు, జీతం మాత్రం అంతంతే. స్టెంపెల్‌ను ఓడించడం మామూలుగా అయ్యే పని కాదని, ఇది వట్టి వినోదమని, ఇలాంటి సాయం అందరికీ మామూలేనని ఫ్రీడ్‌మన్ నచ్చజెప్పాడు. ఒక అధ్యాపకుడు గెలిస్తే చదువుకు, ఉపాధ్యాయ వృత్తికి గౌరవం పెరుగుతుందన్నాడు. వాన్ డోరెన్ మొదట నిజాయితీగానే ఆడతానని అడిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఈ కథలో అసలు విషాదం ఇక్కడే ఉంది. చదువుకు గౌరవం తెస్తానన్న మాటతోనే ఒక చదువుకున్న మనిషిని కొన్నారు.

పోటీ ఎలా సాగిందంటే, ఆట మీద ఆట సమమైంది. 21కి 21 అని తెలిసినప్పుడల్లా స్టూడియో హోరెత్తిపోయేది. పాయింటు విలువ 500 నుంచి మెట్లు మెట్లుగా 2,500 డాలర్ల దాకా ఎక్కింది. వాన్ డోరెన్ పెదవి కొరుక్కునేవాడు. పెద్ద ప్రశ్నలో ఒక భాగానికి జవాబు తట్టనట్టు దాటేసి మిగతావి చెప్పి, చివర్లో వెనక్కి వచ్చి అది కూడా చెప్పేవాడు. ఇదంతా ఫ్రీడ్‌మన్ దగ్గర సాధన చేసిందే. డిసెంబరు 5న స్టెంపెల్‌కు ఒక ప్రశ్న పడింది: 1955 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందిన సినిమా ఏది? సరిగా చెబితే 21కి చేరతాడు. జవాబు ‘మార్టీ’. స్టెంపెల్‌కు అది ఎంతో ఇష్టమైన సినిమా, దాన్ని మూడుసార్లు చూశాడు. కానీ అతను చెప్పాల్సింది తప్పు జవాబు. అంతకు ముందటి ఏడాది గెలిచిన ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ పేరు చెప్పి తప్పాడు. దేశంలో సినిమా చూసే ప్రతివాడికీ తెలిసిన జవాబు తనకు తెలియనట్టు నిలబడటం అన్నిటికంటే పెద్ద అవమానమని ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. సరైన జవాబు చెప్పేద్దామా అని బూత్‌లో ఒక క్షణం ఊగిసలాడానని కూడా చెప్పాడు.

ఆ రాత్రి చివరి ఆటలో వాన్ డోరెన్ 18 పాయింట్ల దగ్గర ఆట ఆపమన్నాడు. స్టెంపెల్ దగ్గర ఉన్నవి 10. ఎనిమిది పాయింట్ల తేడాకు 20,000 డాలర్లు. స్టెంపెల్ సొమ్ము 49,500కు దిగింది.

తర్వాతి మూడు నెలలు వాన్ డోరెన్ అమెరికాకు ముద్దుబిడ్డ. 1957 ఫిబ్రవరి 11 నాటి ‘టైమ్’ పత్రిక ముఖచిత్రంగా వచ్చాడు. జనవరిలో కార్యక్రమం సోమవారానికి మారి, దేశమంతా చూసే ‘ఐ లవ్ లూసీ’తో ఢీకొంది. మార్చి 11న వివియన్ నీరింగ్ అనే న్యాయవాది చేతిలో, అక్కడా కొన్ని ఆటలు సమమయ్యాక, బెల్జియం రాజు పేరు చెప్పలేక ఓడాడు. అది కూడా ఏర్పాటు ప్రకారమే. మిగిలిన మొత్తం 1,29,000 డాలర్లు. ఎన్‌బీసీ ఉదయం కార్యక్రమం ‘టుడే’లో ఉద్యోగం ఇచ్చింది.

స్టెంపెల్ మాత్రం ఊరుకోలేదు. 1957లోనే న్యూయార్క్ పత్రికల వాళ్లను కలిసి జరిగింది చెప్పాడు. అతని మాట తప్ప వేరే ఆధారం లేదు, పరువునష్టం దావా పడుతుందేమోనని పత్రికలు వెనక్కి తగ్గాయి. ఇంకో టెలివిజన్ అవకాశం ఇప్పిస్తానని ఆశ పెట్టి, కార్యక్రమంలో మోసమేమీ లేదన్న కాగితం మీద ఎన్‌రైట్ అతని చేత సంతకం కూడా చేయించుకున్నాడు. ఓడిపోయిన ఉక్రోషంతో మాట్లాడుతున్నాడని నలుగురూ అనుకున్నారు. ఉక్రోషం ఉన్న మాట నిజమే. అతను చెప్పిందీ నిజమే.

తాళం మరో చోట తెరుచుకుంది. 1958లో సీబీఎస్‌లో పగటిపూట వచ్చే ‘డాటో’ అనే క్విజ్ తెర వెనక, తన వంతు కోసం ఎదురుచూస్తున్న ఒక పోటీదారుకు ఇంకొక పోటీదారు నోటు పుస్తకం కనిపించింది. ఆ రోజు ప్రశ్నలకు జవాబులు అందులో ఉన్నాయి. ఫిర్యాదు పైకి వెళ్లింది, ఆగస్టులో ‘డాటో’ను ఎత్తేశారు. ఇప్పుడు స్టెంపెల్ మాటకు విలువ వచ్చింది. మన్‌హాటన్ జిల్లా అటార్నీ ఫ్రాంక్ హోగన్ గ్రాండ్ జ్యూరీ ముందు విచారణ మొదలుపెట్టాడు. అక్టోబరులో ‘ట్వంటీ వన్’, నవంబరులో ‘64,000 డాలర్ల ప్రశ్న’ ఆగిపోయాయి.

విచారణలో ఒక చిక్కు ఉంది. డబ్బు పెట్టి నడిపే క్విజ్‌లో జవాబులు ముందే ఇవ్వడం నేరమని చెప్పే చట్టమే అప్పటికి లేదు. నేరం కాని పనిని దాచడానికి సుమారు 150 మంది సాక్షుల్లో అత్యధికులు ప్రమాణం చేసి అబద్ధమాడారు, ఆ అబద్ధం మాత్రం నేరమైంది. వాన్ డోరెన్ కూడా వాళ్లలో ఒకడు. పైగా గ్రాండ్ జ్యూరీ నివేదికను బయట పెట్టకుండా న్యాయమూర్తి సీలు వేయించాడు. దాంతో విషయం వాషింగ్టన్‌కు చేరింది. ఓరెన్ హ్యారిస్ అధ్యక్షతన ప్రతినిధుల సభ ఉపసంఘం 1959 అక్టోబరులో బహిరంగ విచారణ జరిపింది.

అక్కడ తిరుగులేని రుజువు తెచ్చినవాడు జేమ్స్ స్నాడ్‌గ్రాస్ అనే చిత్రకారుడు. 1957లో ‘ట్వంటీ వన్’లో ఆడినప్పుడు, తనకు ముందే ఇచ్చిన ప్రశ్నలు, జవాబులు కాగితం మీద రాసి, ప్రసారానికి ముందే తన పేరుకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకొన్నాడు. కవర్లను విప్పకుండా దాచాడు. ఉపసంఘం వాటిని తెరిపిస్తే తపాలా ముద్ర తేదీలు, లోపలి జవాబులు అన్నీ సరిపోయాయి. ఒకసారి ఎమిలీ డికిన్సన్ కవిత మీద ప్రశ్నకు ఎమర్సన్ అని తప్పు చెప్పి ఓడిపోవాలని అతనికి ఆదేశం. బూత్‌లోకి వెళ్లాక మాట వినలేదు, డికిన్సన్ అనే చెప్పాడు. స్టెంపెల్ చేయలేకపోయిన పని అది. ఇన్ని పేజీల విచారణలో మనసుకు ఊరట కలిగించే ఘట్టం ఇదొక్కటే.

నవంబరు 2న వాన్ డోరెన్ ఉపసంఘం ముందు నిలబడి తన పాత్రను ఒప్పుకుంటూ ప్రకటన చదివాడు. చాలామంది సభ్యులు అతని నిజాయితీని మెచ్చుకున్నారు. న్యూయార్క్ సభ్యుడు స్టీవెన్ డెరూనియన్ మాత్రం, ఇంత చదివినవాడు నిజం చెప్పినందుకు అభినందించనక్కర్లేదన్నాడు. ఆయన అన్నదే సబబు. అదే రోజు కొలంబియా వాన్ డోరెన్ రాజీనామాను ఆమోదించింది, ఆ వెంటనే ఎన్‌బీసీ కూడా అతన్ని తొలగించింది. 1962లో అతనితో పాటు మరికొందరు పోటీదారులు అబద్ధపు సాక్ష్యం చెప్పినట్టు కోర్టులో ఒప్పుకున్నారు. ఎవరూ జైలుకు వెళ్లలేదు, శిక్షల అమలు నిలిపివేశారు.

1960 సెప్టెంబరు 13న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో ప్రసారాల చట్టానికి సవరణ వచ్చింది. తెలివికో, నైపుణ్యానికో, అదృష్టానికో సంబంధించిన పోటీ అని ప్రజలను నమ్మించి, రహస్యంగా సాయం చేసి ఫలితాన్ని ముందే నిర్ణయించడం అప్పటి నుంచి నేరం. ఏడాది దాకా జైలు, 10,000 డాలర్ల దాకా జరిమానా. అంతకంటే పెద్ద మార్పు టెలివిజన్ సంస్థల లోపల వచ్చింది. కార్యక్రమాల మీద పెత్తనం స్పాన్సర్ల చేతి నుంచి జారి సంస్థల చేతికొచ్చింది. పెద్ద బహుమతుల క్విజ్‌లను సీబీఎస్ పూర్తిగా తీసేసింది. కొన్నేళ్లపాటు క్విజ్ అన్న మాటకే చెడ్డ పేరు.

1964 మార్చి 30న మొదలైన ‘జెపర్డీ’ ఆ మచ్చ నుంచి పుట్టిన కార్యక్రమమే. క్విజ్‌లో జవాబులు ముందే ఇచ్చారని కదా గొడవ, అయితే జవాబులే ఇచ్చి ప్రశ్నలు చెప్పమందామని నిర్మాత మర్వ్ గ్రిఫిన్‌కు భార్య జూలన్ సూచించింది. తొలి రోజుల్లో అందులో ఒక్కో ప్రశ్న విలువ 10 డాలర్ల నుంచి మొదలయ్యేది. ఈ కార్యక్రమంలోనే 2007 మార్చి 16న ప్రసారమైన ఆట ముగిసేసరికి ముగ్గురు పోటీదారులూ 16,000 డాలర్ల దగ్గర సమంగా నిలిచారు. చివరి ప్రశ్నకు ముందు ఇద్దరి దగ్గర 8,000 చొప్పున ఉంది, మూడోవాడి దగ్గర 13,400. ఆ ఇద్దరూ మొత్తం పందెం కాస్తే 16,000 అవుతుందని మూడోవాడు లెక్కవేసి సరిగ్గా 2,600 మాత్రమే కాశాడు. ముగ్గురూ జవాబు సరిగా రాశారు, ముగ్గురూ గెలిచారు, తర్వాతి ఆటలో మళ్లీ ఆ ముగ్గురే ఆడారు. ఎవరూ ముందే రాసిపెట్టకుండా, ఆడేవాళ్ల లెక్కలోంచి, తెలివిలోంచి వచ్చిన సమం ఇది. ‘ట్వంటీ వన్’ వారం వారం నటించి చూపించినదాని కంటే ఇందులో ఉత్కంఠ ఏమీ తక్కువ కాలేదు.

పెద్ద డబ్బు మాత్రం తిరిగి రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1998లో బ్రిటన్‌లో మొదలైన ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’ మెట్టు మెట్టుకూ పెరిగే బహుమతిని, ఎక్కడైనా ఆగిపోగల వెసులుబాటును మళ్లీ తెచ్చింది. 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్‌తో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’గా హిందీలోకి, 2014లో నాగార్జున వ్యాఖ్యాతగా ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’గా మాటీవీ ద్వారా తెలుగులోకి వచ్చిన ఆట అదే. అందులో ఇద్దరు పోటీదారులను ఎదురెదురుగా నిలబెట్టరు, సమం అన్నదే ఉండదు. వచ్చిన డబ్బుతో ఇంటికి వెళ్లాలా, ఇంకో ప్రశ్నకు నిలబడాలా అన్న ఊగిసలాట మాత్రం 1940 నాటి 64 డాలర్ల రేడియో క్విజ్‌లో ఉన్నదే.

జాక్ బ్యారీ 1970లలో మళ్లీ టెలివిజన్ ఆటల నిర్వాహకుడిగా నిలదొక్కుకున్నాడు. వాన్ డోరెన్ ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో సంపాదకుడిగా పనిచేసి 1982లో విరమించాడు. 1994లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ ఈ పోటీ మీద ‘క్విజ్ షో’ సినిమా తీసినప్పుడు కూడా నోరు విప్పలేదు. 2008లో ‘న్యూయార్కర్’ పత్రికలో మొదటిసారి విపులంగా రాశాడు. స్టెంపెల్ న్యూయార్క్ నగర రవాణా శాఖలో ఉద్యోగం చేశాడు. మోసంలో అతనికీ వాటా ఉంది, డబ్బూ తీసుకున్నాడు. అయినా ఎవరూ నమ్మని రోజుల్లో పదే పదే నిజం చెప్పినవాడు అతనే. చరిత్ర అతనికి ఇవ్వాల్సిన గౌరవం ఇంకా పూర్తిగా ఇవ్వలేదు. వాన్ డోరెన్ 2019 ఏప్రిల్ 9న, స్టెంపెల్ 2020 ఏప్రిల్ 7న చనిపోయారు.